పాలకేంద్రం దగ్గర పలకని మాటలు

(రామసముద్రంలో పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యులకు, కార్యవర్గాలకు, సిబ్బందికి జరిగిన ఒకరోజు శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

మమ్మల్ని ఏ తరగతికి పిలిచినా లెక్కల గురించే చెప్పమంటారు. నగదు పుస్తకం, స్టాకు రిజిస్టరు, సభ్యుల ఖాతా, మినిట్సు పుస్తకం - ఇవి మా వృత్తి. ఏండ్ల తరబడి వీటినే తిరగేస్తున్నాము. ఈసారి మాత్రం నిర్వాహకులు, పనిచేసే చోట ఎదుటివారి మనసు తెలుసుకుని మాట్లాడటం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము సహకార డిప్లొమా చదివినప్పుడు చట్టం నేర్పారు, ఆడిట్ నేర్పారు, జమాఖర్చు నేర్పారు. మనిషి ముఖం చదవటం అనే పాఠం ఏ పేపరులోనూ లేదు. అయినా మా ఉద్యోగంలో సగం పని అదేనని చెప్పాలి. సంఘంలో వచ్చే తగాదాల్లో కాగితం మీదికి ఎక్కేవి తక్కువ. చాలా భాగం ఎవరూ పలకకుండానే మొదలై, ఎవరూ పలకకుండానే ముగుస్తాయి. ముగియటమంటే ఏమిటి? ఒక సభ్యురాలు ఒకనాటి ఉదయం మన కేంద్రం ముందునుంచే క్యాను పట్టుకుని నడిచిపోయి, పక్కవీధిలో ఇంకొక కేంద్రంలో పాలు పోయటం. దానికి రాజీనామా పత్రం ఉండదు, ఫిర్యాదు ఉండదు. రిజిస్టరులో ఆమె నంబరు ఎదురుగా ఒక గీత పడుతుంది, అంతే.

"మౌనం అర్ధాంగీకారం" అని మనవాళ్ళంటారు. ఆ మాట పెండ్లిచూపులకు సరిపోతుందేమో గాని (అక్కడ కూడా మాకు అనుమానమే) సంఘం సర్వసభ్య సమావేశానికి సరిపోదు. మేము చదివే మినిట్సు పుస్తకాల్లో ప్రతి తీర్మానం చివర "సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించిరి" అని ఉంటుంది. ఆ ఏకగ్రీవం ఎట్లా వచ్చిందో మీకు తెలియనిది కాదు. ప్రెసిడెంటుగారు తీర్మానం చదువుతారు. "ఎవరికైనా అభ్యంతరమా?" అంటారు. అంటూనే కాగితం తిరగేస్తారు. ఆ మాటకూ ఆ కాగితం తిరగటానికీ మధ్య ఊపిరి పీల్చేంత వ్యవధి కూడా ఉండదు. ముందు వరసలో నలుగురు తల ఊపుతారు. వెనక గోడవారన కూర్చున్న ఆడవాళ్ళు కొంగు సర్దుకుంటారు. టీ వస్తుంది. ఆ తర్వాత అసలు సర్వసభ్య సమావేశం బయట వేపచెట్టు కింద మొదలవుతుంది. దానికి మినిట్సు రాసేవాడు లేడు.

1964 నాటి సహకార చట్టం ప్రకారం సభ్యునికి ఒకే ఓటు, పది ఆవులున్నవానికైనా ఒక ఆవున్నవానికైనా. ఓటు సమానమే గాని నోరు సమానం కాదు. అప్పు ఇచ్చినవాని ఎదుట అప్పు తీసుకున్నవాడు మాట్లాడడు. మామగారు కూర్చున్న చోట కోడలు మాట్లాడదు. ఇంకొక సంగతి: గడ్డి కోసేది, పేడ ఎత్తేది, పాలు పిండేది ఇల్లాలు; షేరు మాత్రం ఇంటాయన పేరిట ఉంటుంది. సమావేశానికి ఆయన వస్తాడు. ఆయనకు దాణా బస్తా ధర తెలుసు గాని, ఆవు ఈమధ్య దాణా ఎందుకు వదిలేస్తున్నదో తెలియదు. అందుచేత పాల సంఘంలో విషయం తెలిసినవారు మౌనంగాను, మాట్లాడేవారు విషయం తెలియకుండాను ఉండటం తరచు చూస్తాము. 2014లో తిరుపతి కేంద్రంగా మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీలో సభ్యులంతా మహిళలే. అట్లాంటి ఏర్పాటు ఉన్నచోట కొంత తేడా ఉంటుంది. మగవాళ్ళు, ఆడవాళ్ళు కలిసి ఉన్న సంఘంలో ఆ మౌనాన్ని పట్టించుకోవలసిన భారం కార్యవర్గానిదే.

ఇక కేంద్రం దగ్గరికి వద్దాము. మన విషయమంతా అక్కడే ఉంది.

ఉదయం ఆరు గంటలు. వరస. ఒక్కొక్క సభ్యురాలికి టెస్టరు ఎదుట దొరికే సమయం నిమిషం కూడా ఉండదు. క్యాను వంచాలి, శాంపిలు తియ్యాలి, మిషనులో అంకె రావాలి, స్లిప్పు చేతికివ్వాలి. ఆ నిమిషంలో మాట్లాడే మాటలు రెండో మూడో. కాని ఆ రెండు మాటల చుట్టూ ఇరవై సంగతులు జరుగుతాయి. గమనించేవానికి అవన్నీ వినిపిస్తాయి.

మన ప్రాంతంలో ఎక్కువ వినబడే మాట "కానీలే." వెన్న తగ్గిందమ్మా అని టెస్టరు చెబుతాడు. "కానీలే అన్నా" అంటుంది ఆమె. ఈ ఒక్క మాటకు ఎన్ని అర్థాలున్నాయో చూడండి. నవ్వుతూ అని, స్లిప్పు ఒకసారి చూసుకుని, మడిచి కొంగున కట్టుకుంటే నిజంగానే సరిపెట్టుకుందని అర్థం. స్లిప్పు చూడకుండానే పిడికిట్లో నలిపి అంటే ఆ అంకె మీద ఆమెకు నమ్మకం లేదు. అప్పటికే క్యాను ఎత్తుకుని ఒక అడుగు వెనక్కి వేసి, ముఖం వీధివైపు తిప్పి అంటే ఆమె లెక్క వేరే ఎక్కడో వేసుకుంటున్నది. మాట అదే, రాసుకుంటే అవే మూడు అక్షరాలు.

దానికంటె నమ్మదగిన గుర్తు ఒకటి మన తెలుగులోనే ఉంది. అది పిలుపు. ఈ పల్లెల్లో సెక్రటరీని ఎవరూ సెక్రటరీ అనరు. అన్నా అంటారు, మామా అంటారు, వయసులో చిన్నవాడైతే అబ్బయ్యా అంటారు. నిన్నటిదాకా "ఏం మామా, ఈపొద్దు బండి ఇంకా రాలేదే" అన్న మనిషి ఈరోజు "సార్, బండి ఎప్పుడొస్తుందండీ" అన్నాడనుకోండి. మర్యాద పెరిగిందని సంతోషించే టెస్టర్లను చూశాము. అది మర్యాద కాదు, దూరం. వరస పెట్టి పిలిచే మనిషి వరస వదిలేశాడంటే లోపల ఏదో తెగింది. నువ్వు పోయి మీరు వచ్చిందంటే ఇంకా గట్టి గుర్తు. "మీరు పెద్దోళ్ళు, మీకు తెలీనిదేముండాది" అని ఒకరు చేతులు కట్టుకుని అన్నారంటే, అది తిట్టు. తిట్టుకంటె పెద్దది కూడా.

ఇంకొక గుర్తు: రోజూ తానే వచ్చే మనిషి పిల్లవాని చేత పాలు పంపటం. ఒకరోజు పంపితే పొలంపని ఉండవచ్చు. వారం రోజులు పంపితే, ఆమెకు కేంద్రం దగ్గర నిలబడటం ఇష్టం లేదని అనుకోవాలి. అట్లాగే వరసలో ముందుగా వచ్చి కూడా, అందరూ పోయేదాకా పక్కన ఆగినవారు. వారికి చెప్పవలసింది ఏదో ఉంది, నలుగురిలో చెప్పలేరు. టెస్టరు అప్పటికే మిషను కడిగే పనిలో పడి "ఏమ్మా ఇంకా పోలేదా" అంటాడు. ఆమె "ఏం లేదన్నా" అని పోతుంది. ఒక వారం ఆగి వచ్చిన ధైర్యం అట్లా అర నిమిషంలో పోతుంది.

ఇప్పుడు మేము పోగా వచ్చిన ఒక సంఘంలో జరిగినది చెబుతాము. ఊరిపేరు అవసరం లేదు. వానలు పడి నాలుగు వారాలైంది. రెండు సీమావులున్న ఒక సభ్యురాలి పాలలో వెన్న 4.1 ఉండేది, పది రోజుల్లో 3.4కు దిగింది. ఆమె అడగలేదు. టెస్టరు చెప్పలేదు. పాలు పోసేటప్పుడు ఆమె తల వంచుకుని నిలబడేది. టెస్టరుకు అది తప్పుచేసినవాని తలవంపుగా కనబడింది. నీళ్ళు కలుపుతున్నదని మనసులో పెట్టుకున్నాడు. ఆయన మిషనును గోడవైపు తిప్పుకుని అంకె చదివేవాడు. ఆమెకు అది దాపరికంగా కనబడింది. అంకె మారుస్తున్నాడని మనసులో పెట్టుకుంది. నిజానికి ఆమె తల వంచుకున్నది ఎందుకంటే, ఆ టెస్టరు ఆమెకు వరసకు బావగారి కొడుకు, పక్కనే ఊరి పెద్దలిద్దరు కూర్చుని ఉంటారు. ఆయన మిషను తిప్పినది ఎందుకంటే, పొద్దున పూట కిటికీలోంచి ఎండ నేరుగా అద్దం మీద పడి అంకె కనబడదు. ఇద్దరూ ఎదుటివారి గుర్తులను శ్రద్ధగానే చదివారు. ఇద్దరూ తప్పుగా చదివారు.

మేము ఈ కథ ఎందుకు చెబుతున్నామంటే, ముఖం చదవటం మంచిదని చెప్పి వదిలేస్తే అపాయం. ముఖం అడగవలసిన ప్రశ్నను చూపిస్తుంది, జవాబును కాదు. టెస్టరుకు జవాబు కావాలంటే అది ఆమె ముఖంలో కాదు, ఆయన రిజిస్టరులోనే ఉంది. పాలలో నీళ్ళు కలిస్తే లాక్టోమీటరు రీడింగు తగ్గుతుంది. వెన్న మాత్రమే తగ్గితే రీడింగు తగ్గదు, కొంచెం పెరుగుతుంది కూడా, ఎందుకంటే వెన్న తేలికైన పదార్థం. ఆమె పేరు ఎదురుగా ఆ పది రోజులూ రీడింగు నిలకడగా ఉంది. నీళ్ళు లేవని ఆ గడి చెబుతూనే ఉన్నది. ఎవరూ ఆ గడిని, ఆ ముఖాన్ని పక్కపక్కన పెట్టి చూడలేదు.

పట్టుకున్నది ఎవరంటే, ఆ కేంద్రంలో క్యాన్లు కడిగే ముసలాయన. ఆయనకు మిషను తెలియదు, అంకెలు రావు. "ఆ యమ్మ మూడు దినాలుగా క్యాను బల్ల మీద పెట్టకుండా కిందే పెడతా ఉండాది, కడుక్కోకుండానే పోతా ఉండాది" అని సెక్రటరీతో అన్నాడు. సెక్రటరీ తెలివిగలవాడు. ఆమెను కేంద్రం దగ్గర అడగలేదు. సాయంత్రం ఆ వీధిలోకి వేరే పని మీద పోయినట్టు పోయి, తన భార్యను వెంటబెట్టుకుని, ఇంటి ముందు నిలబడి, వెన్న మాట ఎత్తకుండా "దూడ బాగా సాగిందే, ఎన్నో నెల?" అన్నాడు. అక్కడినుంచి మాట వచ్చింది. కొడుకు కొత్తగా పాలు పిండటం నేర్చుకున్నాడు. పిండటం చివర చేతులు నొచ్చి, మిగిలినవి దూడకు వదిలేస్తున్నాడు. పైగా వానలకు పచ్చిగడ్డి విస్తారంగా వచ్చింది, ఎండుగడ్డి, చెనక్కాయ కట్టె వెయ్యటం మానేశారు.

ఇది విన్న పాలరైతులకు సంగతి తెలిసిపోయి ఉంటుంది. పొదుగులోంచి వచ్చే మొదటి ధారల్లో వెన్న ఒకటి రెండు శాతమే ఉంటుంది. చివరి ధారల్లో అయిదు మొదలుకొని పది దాకా కూడా పోతుంది. చివరి పాలు దూడకు వదిలితే వెన్నంతా దూడకు పోయినట్టే. లేతగడ్డి ఎక్కువై పీచుమేత తగ్గినా వెన్న పడుతుంది. రాత్రి వ్యవధి ఎక్కువ కాబట్టి ఉదయం పాలు ఎక్కువ, వెన్న తక్కువ; సాయంత్రం పాలు తక్కువ, వెన్న ఎక్కువ. ఇవన్నీ టెస్టరుకు తెలుసు. తెలిసిన నాలుగు మాటలు పది రోజుల ముందు ఆమెకు చెప్పి ఉంటే సరిపోయేది. ఆమె రోజూ పోసే పాలు పదకొండు లీటర్లు. అవి సంఘానికి పోతే పోయినవే, తిరిగి రావటం కష్టం. ఆమె వెంట ఆ వీధిలోని ఇద్దరు ముగ్గురు కూడా పోతారు. ఎందుకంటే ఆమె మౌనం మన దగ్గరే, వీధిలో కాదు.

మరునాడు సెక్రటరీ చేసిన పని మాకు బాగా నచ్చింది. కిటికీకి ఒక పాత గోనెపట్టా కట్టించాడు, మిషను ముఖం వరసవైపు తిప్పించాడు, అంకె వచ్చినప్పుడల్లా పైకి చదవమన్నాడు. మూడు పనులకు కలిపి అయిన ఖర్చు ఒక మేకు.

గుర్తులు చదవటం గురించి బయటి ప్రపంచంలో పెద్దలు చాలా రాశారు. ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికా పండితుడు 1959లో 'ది సైలెంట్ లాంగ్వేజ్' అనే పుస్తకం రాశాడు. పరదేశాలకు పోయే అమెరికా ఉద్యోగులకు పాఠాలు చెప్పినవాడు ఆయన. మనుషులు ఎంత దూరంలో నిలబడతారు, ఎంతసేపు కాచుకుంటారు అన్నది కూడా ఒక భాషేనని, అది దేశదేశానికి మారుతుందని ఆయన చెప్పాడు. మనకు దేశాలు దాటవలసిన పని లేదు. రామసముద్రం నుంచి కొంచెం పోతే కోలారు జిల్లా. ఇక్కడ ఒకే వరసలో తెలుగు మాట్లాడేవారు, కన్నడం మాట్లాడేవారు, ఉర్దూ మాట్లాడేవారు నిలబడతారు. కుప్పం వైపు పోతే అరవం కూడా కలుస్తుంది. తల పక్కకు ఊపటం అందరిలోనూ ఉంది. ఆ ఊపుకు అవునని అర్థమా, విన్నానని అర్థమా, నీ ఇష్టమని అర్థమా అన్నది ఊపినవారికే తెలియాలి. బల్గేరియా దేశంలో తల అడ్డంగా ఊపితే అవునని అర్థమట. మన నాట్యశాస్త్రంలో తల కదలికలే 13 రకాలు చెప్పారు, చూపులు 36. భరతముని పాలకేంద్రం చూసి ఉంటే ఇంకా కొన్ని చేర్చేవాడు.

దీని వల్ల నష్టం జరుగుతుంది కూడా. పశువుల పనికి కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఒక కుర్రవాడు, సూది వేయించిన ఆవును మూడు వారాలకు మళ్ళీ ఎదకు వచ్చిందేమో చూసుకొమ్మని ఇంటింటా చెప్పి, అందరూ తల ఊపారని రాసుకుని పోయాడు. తర్వాత చూస్తే సగం మంది చూడనే లేదు. వాళ్ళు అబద్ధమాడలేదు. "నువ్వు చెప్పింది విన్నాములే నాయనా" అని ఊపారు. ఆ తర్వాత ఆయన పద్ధతి మార్చాడు: చెప్పటం అయ్యాక "అయితే ఏ వారం చూస్తావక్కా?" అని అడిగేవాడు. జవాబులో సోమవారమో శుక్రవారమో వస్తే విషయం చేరినట్టు, "చూద్దాంలే" అని వస్తే చేరనట్టు. మన "చూద్దాంలే" చాలా భాగం కాదు అనే అర్థమే. ఎదుటివాని మొహం మీద కాదు అనలేక అనే మాట అది. "ఇంటాయన్ను అడిగి చెప్తా" అన్నది మాత్రం జాగ్రత్తగా చూడాలి. అది నిజమూ కావచ్చు, మర్యాదగా తప్పించుకోవటమూ కావచ్చు.

ఒక ముచ్చట. ఈమధ్య శిక్షణ తరగతుల్లో, సంభాషణలో 93 శాతం ముఖం, గొంతు, మాటలది 7 శాతమే అని బోర్డు మీద రాసి చూపిస్తారు. మీరు నమ్మకండి. మెహ్రాబియన్ అనే ఆచార్యుడు 1967లో కాలిఫోర్నియాలో చేసిన రెండు చిన్న పరిశోధనల్లోవి ఆ అంకెలు. ఒక్కొక్క విడి మాటను రకరకాల గొంతులతో వినిపించి, ఫొటోల్లో ముఖాలు చూపించి, అన్నవారికి ఎదుటివారి మీద ఇష్టమా అయిష్టమా అని అడిగినవి. ఇష్టాయిష్టాల వరకే ఆ లెక్క. అన్ని మాటలకూ అంటగడితే కుదరదు. వెన్న 3.8 అని ముఖంతో ఎవరైనా చెప్పగలరా? రేటు, శాతం, బిల్లు తేదీ - ఇవి నోటితోనే చెప్పాలి, కాగితం మీదే రాయాలి. చెప్పిన తర్వాత ఎదుటివారు దాన్ని ఎట్లా పుచ్చుకున్నారో చూడటానికి కళ్ళు.

అందరికీ ఈ చూపు ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. ముఖం చూసి భావం పట్టుకోవటం పుట్టుకతోనే కష్టమైనవారు కొందరుంటారు. అది లోపం కింద లెక్కగట్టి వారిని తీసివేయరాదు. ఒక సంఘంలో ఒక టెస్టరు ఉండేవాడు. ఎవరి ముఖమూ చూడడు, పలకరింపు లేదు, నవ్వు లేదు. కొత్తవారు పొగరనుకునేవారు. కాని ప్రతి శాంపిలూ చూడనిచ్చేవాడు, ప్రతి అంకె రెండుసార్లు పైకి చదివేవాడు, అనుమానమంటే ఆ క్షణమే రెండవ శాంపిలు తీసేవాడు. ఆయన కాలంలో ఆ కేంద్రంలో ఒక్క తగాదా లేదు. అందరికీ తీయగా మాట్లాడి అంకె మాత్రం మెల్లగా గొణిగే టెస్టరుకంటె ఆయన ఎన్నో రెట్లు మేలు. ముఖాలు చదవటం రానివారు పద్ధతిని నమ్ముకోవచ్చు. వచ్చినవారు కూడా పద్ధతిని వదలరాదు. అట్లాగే చెవి సరిగా వినబడని ముసలివారు, పొద్దు కనబడనివారు ఉంటారు. వారి మౌనానికి కోపం అని పేరు పెట్టకండి. కొంతమంది స్వభావమే మితభాషణ. ఒకనాటి ముఖం చూసి తీర్పు చెప్పరాదు. నిన్నటికీ నేటికీ ఏమి మారింది అన్నదే చూడవలసినది.

మారినది చూసిన తర్వాత ఏమి చెయ్యాలి? అడగాలి. ఎక్కడ అడగాలి, ఎవరు అడగాలి అన్నదే ముఖ్యం. వరసలో అడగవద్దు. వరసలో "ఏమ్మా, మొహం అట్లా పెట్టినావే" అని అడిగితే ఆమె ఏమీ లేదనే అంటుంది; వెనకాల పదిమంది చెవులున్నాయి. ఎందుకు రాలేదు, ఎందుకు తగ్గింది అని "ఎందుకు"తో మొదలుపెడితే అది విచారణ అవుతుంది. ఆవు ఎట్లుంది, దూడ ఎట్లుంది, గడ్డి ఎక్కడినుంచి తెస్తున్నారు అంటే అది పలకరింపు అవుతుంది, జవాబు కూడా దానిలోనే వస్తుంది. ఆడవారిని ఆడవారు అడిగితే నయం. కార్యవర్గంలో మహిళలు ఉండటం అలంకారానికి కాదు. మేము తరచు ఇంకొకటి చెబుతుంటాము, కొంతమందికి నచ్చదు: అడిగిన తర్వాత ఊరుకోవాలి. మన సెక్రటరీలు ప్రశ్న వేసి జవాబు కూడా వారే చెప్పేస్తారు. "దాణా మార్చినట్టుండారు, అంతేనా?" అంటారు. ఆమె "అంతే" అంటుంది. పని అయిపోయిందనుకుంటారు. ఒక్క నిమిషం ఊరుకుని ఉంటే వేరే జవాబు వచ్చేది.

ఇంతవరకు సభ్యుల ముఖాల గురించి చెప్పాము. సభ్యులు మన ముఖాలు చదువుతున్నారన్నది మనం మరిచిపోతుంటాము. మనకంటె వాళ్ళే బాగా చదువుతారు. అధికారం లేనివాడు అధికారం ఉన్నవాని కనుబొమలు చూసే బ్రతకాలి కదా. ఇన్‌స్పెక్టరు ఊళ్ళోకి దిగగానే ఎవరి అరుగు మీద కూర్చున్నాడు, ఎవరింట భోంచేశాడు అన్నది పది నిమిషాల్లో ఊరంతా తెలుస్తుంది. ప్రెసిడెంటుగారింట తిని, మధ్యాహ్నం వారి మీద ఫిర్యాదు విందామంటే ఎవరు వస్తారు? అందుకని మేము పుస్తకాలు చూసే రోజున ఉదయం పాలవేళకే కేంద్రం దగ్గరికి చేరుకుంటాము, టిఫిను కట్టుకుని పోతాము. కుర్చీ వేస్తే క్యాన్లు దించే చోటుకు జరుపుకుంటాము. పెన్ను మాత్రం జేబులోనే ఉంచుతాము. పెన్ను మూత తియ్యగానే మాట్లాడుతున్న మనిషి ఆగిపోవటం ఎన్నోసార్లు చూశాము. విన్నది విని, వారు పోయాక రాసుకుంటాము.

ఇంకొకటి చెప్పాలి, దాటవెయ్యకూడదు. కొన్ని కేంద్రాల్లో ఒకరి క్యాను చేత్తో అందుకుంటారు, ఇంకొకరి క్యాను దగ్గరికి వచ్చేసరికి "నువ్వే వంపు" అంటారు. ఒకరికి స్లిప్పు చేతిలో పెడతారు, ఇంకొకరికి బల్ల మీద పెడతారు. ఇది ఎందుకో అందరికీ తెలుసు. ఎవరూ నోటితో అనరు. ఆ సభ్యుడు కూడా అనడు. కాని రోజుకు రెండు పూటలు, సంవత్సరంలో ఏడువందల పైచిలుకు సార్లు ఆ మాట అతనికి వినబడుతూనే ఉంటుంది. పాలు అన్నీ ఒకే క్యానులో కలుస్తాయి. ఆణంద్ పద్ధతి సంఘాల్లో ముందు వచ్చినవారు ముందు, వరస ఒక్కటే, కొలత ఒక్కటే అన్నది మొదటి సూత్రం. అందుకోవటం కూడా ఒక్కటిగానే ఉండాలి. మేము తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టరుకంటె ముందు టెస్టరు చేతులు చూస్తాము.

బిల్లు సంగతి. బిల్లు ఆలస్యమయ్యేటట్టుంటే సెక్రటరీలు రెండు రోజులు కేంద్రంలో కనబడరు. ఎవరైనా అడుగుతారేమోనని. ఆ కనబడకపోవటాన్ని సభ్యులు ఎట్లా చదువుతారో ఆలోచించండి. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 2002లో సహకార డెయిరీ మూతపడటం చూసిన తరం ఇంకా పాలు పోస్తూనే ఉంది. వారికి ఆలస్యం అనే మాట వేరేగా వినబడుతుంది. బిల్లు నాలుగు రోజులు ఆలస్యమైతే, అడగకముందే వరసలో నిలబడినవారికి చెప్పండి, కారణం చెప్పండి, తేదీ చెప్పండి, పలక మీద రాయండి. చెడ్డవార్త సెక్రటరీ నోట విన్న సభ్యుడు కోప్పడి ఇంటికి పోతాడు. సెక్రటరీ లేకపోవటంలో విన్నవాడు క్యాను తీసుకుని పక్కకేంద్రానికి పోతాడు.

సర్వసభ్య సమావేశం గురించి మొదట అన్నాము గదా, దానికి కొన్ని సంఘాలు చేస్తున్నవి చెబుతాము. తీర్మానం చదివిన తర్వాత ప్రెసిడెంటు మాట్లాడకుండా, కాగితం ముట్టకుండా కాసేపు ఆగటం. ముందు వరస వారిని చివరన, గోడవారన వారిని మొదట అడగటం. "అభ్యంతరమా?" అనకుండా "దీనివల్ల ఎవరికి ఇబ్బంది అవుతుంది?" అని అడగటం, అభ్యంతరం చెప్పాలంటే ప్రెసిడెంటును ఎదిరించాలి, ఇబ్బంది చెప్పాలంటే ఎదిరించనక్కరలేదు. ఒక సంఘంలో సమావేశానికి ముందురోజు సాయంత్రం పాలవేళకే మహిళా సభ్యులను కూర్చోబెట్టి విడిగా అజెండా చదువుతున్నారు. అక్కడి మినిట్సులో ఈసారి "ఏకగ్రీవంగా" అన్న మాటకు బదులు "11 మంది దాణా బాకీ కోతకు వ్యతిరేకముగా చెప్పిరి" అని ఉంది. చేతిరాత కొంచెం వణికింది గాని, మేము చదివిన మినిట్సులో అంత మంచి వాక్యం చాలాకాలంగా చూడలేదు.

చెప్పవలసినది అయింది. ఇప్పుడు లోపలి గదిలో బల్ల మీద రెండు సీసాల పాలు పెట్టించాము; ఈ ఉదయం ఒకే ఆవు నుంచి తీసినవి, ఒకటి మొదటి ధారలది, రెండవది చివరి ధారలది. మిషను కాకుండా పాత గెర్బరు పద్ధతిలోనే, ఆమ్లం 10 మిల్లీలీటర్లు, పాలు 10.75, అమైల్ ఆల్కహాలు 1, మీ ఎదుటే కలిపి తిప్పుతారు. గొట్టంలో వెన్న ఎంతవరకు నిలిచిందో మీరే చదవండి. ఆమ్లం దగ్గర పిల్లలను ఉంచకండి. అక్కచెల్లెళ్ళు ముందు వెళ్ళండి, బల్ల చుట్టూ చోటుంది. మగవాళ్ళు కాసేపు బయట టీ తాగి రావచ్చు.